తువ్వాల కింద పద్దెనిమిది

బాపురావును సర్కారు జైలు విజిటర్‌గా వేసిందని తెలిసిన రోజు మా పసుపు బజారులో ఎవరికీ బేరాల మీద మనసు నిలవలేదు. ఉద్యోగమంటే జీతం ఉండాలి కదా, దీనికి అదీ లేదు. నెలకోసారి ఊరి అవతలి రెండు గోడల జైలుకు పోవాలి. ఖైదీలకు తిండి సరిగ్గా పెడుతున్నారా, రోగమొస్తే మందిస్తున్నారా, కానూను మీరి ఎవరినైనా బాధిస్తున్నారా అని స్వయంగా చూడాలి. చూసింది తనిఖీ పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. సర్కారు మనిషిని పంపితే సర్కారునే మెచ్చుకుని వస్తాడు కాబట్టి, బయటి మనిషి ఒకడుండాలని పైవాళ్లు పెట్టిన పద్ధతి అది.

ఊళ్లో ఇంతమంది ఉండగా బాపురావే ఎందుకంటే, ఎవరితోనూ పేచీ పెట్టుకోని మనిషి కావాలని కచేరీలో అనుకున్నారట. నిజామాబాద్‌లో అలాంటివాడు ఒక్కడే. ముప్పై ఏళ్లుగా పసుపు దలాలీ చేస్తున్నాడు. రైతు చెప్పింది కాదనడు, సేటు చెప్పింది కాదనడు, రెంటికీ నడుమ ఒకచోట తెగ్గొడతాడు. ఇద్దరూ అతన్ని తిట్టుకుంటూ ఇళ్లకు పోతారు, పై వారం ఇద్దరూ మళ్లీ అతని దగ్గరికే వస్తారు. నిజం ఎప్పుడూ రెండు మాటల నడుమ ఉంటుందని బాపురావు అనేవాడు. నేనూ దలాల్‌నే కాబట్టి అప్పట్లో నాకది వేదవాక్కులాగే వినిపించేది.

ఆయన వెంటనే నల్ల శేర్వానీ ఒకటి కుట్టించుకున్నాడు. ఎండాకాలం ముంచుకొస్తుంటే ఆ శేర్వానీ తొడుక్కుని బజారులో రెండు చుట్లు తిరిగాడు. భార్య సుమిత్రమ్మకు భర్త గొప్పతనం మీద ఎప్పుడూ పెద్దగా నమ్మకం లేదు.

"జైలుకు పోయెటందుకు కొత్త బట్టలు కుట్టిచ్చుకున్న మనిషిని ఇప్పుడే సూస్తున్న. లోపల ఇంకో ఖోలీ ఖాళీగుంటే అడిగి రాండ్రి, నాకు గూడ నాలుగొద్దులు నిమ్మళముంటది" అంది.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం లేచిన ఏడాది అది. రుద్రూర్ వైపు ఏ బండి చూసినా చెరుకే. హోళీ దాటిన వారానికి, ముందుగా చిట్టీ పంపించి, టాంగా కట్టించుకుని బాపురావు మొదటి తనిఖీకి బయల్దేరాడు.

జైలు దారోగా దేవిదాస్ గేటు దాకా ఎదురొచ్చాడు. నిమ్మకాయలు నిలబెట్టగలిగే మీసం ఆయనది. ముందు షర్బత్ ఇచ్చాడు, తర్వాత తమలపాకు ఇచ్చాడు, తర్వాత జైలు చూపించాడు. గోడలకు సున్నం తడి ఆరలేదు. వంటశాలలో పప్పు గరిటె నిలబడేంత చిక్కగా ఉంది. ఖైదీలు ఉతికిన బట్టల్లో వరసగా నిలబడి ఉన్నారు. విజిటర్ సాబ్‌కు తకరారు ఏమైనా ఉంటే చెప్పుకోండని దారోగా అనగానే, ఎక్కం అప్పజెప్పినట్టు "అంత మంచిగున్నది సర్కార్" అన్నారు అందరూ ఒక్కసారే.

బాపురావు పేచీకోరు కాకపోవచ్చు కానీ తెలివితక్కువవాడు మాత్రం కాడు. బస్తా మూతి దగ్గర బంగారంలాంటి కొమ్ములు పరిచి అడుగున తుక్కు పోసే రైతులను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాడు. ఈ జైలును కూడా ఎవరో మూతి దగ్గర సర్ది పెట్టారని ఆయనకు అర్థమైంది. అడుగున ఏముందో తెలిసేదెట్లా? దారోగా అడుగు వెనక అడుగు వేస్తూ చెవులప్పగించి నిలబడి ఉన్నాడు. ఖైదీ నిజం చెబితే విజిటర్ వెళ్లాక వాడి వీపు విమానం మోత మోగుతుంది.

మా బజారు పద్ధతి తెలియనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. పసుపు రాశి ముందు ధర నోటితో చెప్పడం మాలో లేదు. పక్క రైతు వింటాడు, పక్క సేటు వింటాడు. అందుకని దలాల్ భుజం మీది తువ్వాల తీసి రైతు చేతి మీద కప్పి, దాని కింద చెయ్యి కలుపుతాడు. మణికట్టు ఒకసారి నొక్కితే పది, పంజా మొత్తం పట్టుకుంటే అయిదు, ఒక్కో వేలు ఒక్కొక్కటి. పైన నోళ్లు వానల గురించీ పిల్లల గురించీ మాట్లాడుతుంటాయి, కింద చేతులు బేరమాడుతుంటాయి. రైతు ఒక లెక్క నొక్కితే దలాల్ అందులో సగం తిరిగి నొక్కుతాడు. రైతు కోపంగా చెయ్యి లాక్కుంటాడు. దలాల్ మళ్లీ పట్టుకుంటాడు. రెంజల్ నుంచి మెండోర దాకా పసుపు పండించే ప్రతి చేతికీ ఈ భాష వచ్చు. దొంగలకూ దోపిడీగాళ్లకూ అని కట్టిన ఆ జైల్లో సగం మంది రైతులే.

బాపురావు గొంతు సవరించుకున్నాడు.

"దారోగా సాబ్, మా తాత నాడి సూస్తుండె. నాకు గూడ జరంత తెలుసు. ఒక్కొక్కని నాడి పట్టి సూస్త. ఊకె ముట్టుకునుడెందుకు, పైన తువ్వాల ఏస్త" అన్నాడు.

దేవిదాస్ హైదరాబాద్ పట్నంలో పుట్టి పెరిగినవాడు. పసుపు ఆయనకు కూరలో తప్ప తెలియదు. "చూడండి సేట్ సాబ్, జరూర్ చూడండి. డాక్టర్ గూడ ఇంత తక్లీఫ్ తీసుకోడు" అని నవ్వాడు. ఇద్దరు ముగ్గురు వార్డర్లకు సంగతి తెలిసే ఉంటుంది కానీ వాళ్లు గోడల వైపు చూస్తూ నిలబడ్డారు. వాళ్లకూ దారోగా మీద ప్రేమ కారిపోవడం లేదు.

మొదటివాడు మెండోర భోజన్న. తువ్వాల చేతి మీద పడగానే వాడి కళ్లు మెరిశాయి.

"కడుపు నిండ రొట్టె పెడుతున్నరా?" అని బాపురావు పైకి అడిగాడు.

"నిండ పెడుతున్నరు సర్కార్" అని భోజన్న పైకి చెప్పాడు. కింద మాత్రం రెండు వేళ్లు పట్టుకున్నాడు. పూటకు రెండు రొట్టెలు. కానూను ప్రకారం నాలుగు పెట్టాలి. దారోగా నాలుగు పెడుతున్నామని అంతకుముందే చెప్పి ఉన్నాడు. బాపురావు ఒక క్షణం ఆలోచించి, నాలుక్కీ రెండుకీ నడుమ మూడు అని మనసులో రాసుకున్నాడు. ఎవరికీ అన్యాయం జరగకుండా లెక్క కుదిరిందని తృప్తి పడ్డాడు కూడా.

చివర్లో దారోగా ఆయన్ను చీకటి ఖోలీ దగ్గరికి తీసుకుపోయాడు. కిటికీ లేని గది. మనిషి నిలబడితే తల తగులుతుంది, పడుకుంటే కాళ్లు తగులుతాయి. అందులో ఉన్నది రెంజల్ లింబయ్య. అరవై దాటిన రైతు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో బండీ ఎడ్లూ వెట్టికి తోలమన్న సర్కారు మనిషిని చర్నాకోలతో కొట్టి ఏడాది శిక్ష తెచ్చుకున్నాడు. జైల్లో విసుర్రాయి దగ్గర కూర్చోబెడితే, జొన్నల్లో పురుగులున్నాయని ఆ పిండి తెచ్చి దారోగా బూట్ల మీద పోసి, "ఇది నీ ఇంటికి తీస్కపో" అన్నాడట. అందుకు ఈ ఖోలీ.

"లోపల పెట్టి మూడు రోజులైంది సేట్ సాబ్" అన్నాడు దేవిదాస్. "పద్నాలుగు రోజుల దాకా పెట్టే ఇఖ్తియార్ మాకుంది. అది దాటితే దవాఖానకు పంపాలె. మేం అంతదాక పోనియ్యం."

లింబయ్య గుమ్మం దాకా వచ్చి వెలుతురుకు కళ్లు మూసుకున్నాడు. దగ్గు ఆగడం లేదు. బాపురావు తువ్వాల వేశాడు. ముసలాయన చెయ్యి తడుముకుంటూ వచ్చి దలాల్ మణికట్టు ఒకసారి నొక్కింది. తర్వాత పంజా మొత్తం పట్టుకుంది. తర్వాత మూడు వేళ్లు. పద్దెనిమిది.

అప్పుడు జరిగింది చూడండి. బాపురావు చెయ్యి, ముప్పై ఏళ్లుగా ఆ తువ్వాల కింద బతికిన చెయ్యి, యజమానిని అడగకుండానే తిరిగి నొక్కింది. పంజా, నాలుగు వేళ్లు. తొమ్మిది.

లింబయ్య కళ్లు తెరిచి ఆయన ముఖంలోకి చూశాడు. చెయ్యి లాక్కుని లోపలికి పోయాడు. అమ్మేవాడు అట్లాగే అలుగుతాడు కదా అనుకున్నాడు బాపురావు. దారోగా మూడంటున్నాడు, ముసలాయన పద్దెనిమిదంటున్నాడు, తొమ్మిదంటే దారోగా చెప్పినదానికి మూడింతలు. ఆ ఉదారతకు తనను తానే మెచ్చుకుంటూ ఆఫీసు గదికి వచ్చి పుస్తకంలో రాశాడు: "రెంజల్ లింబయ్య అను ఖైదీ చీకటి గదిలో తొమ్మిది దినములుగా ఉన్నట్లు విచారణలో తేలినది."

తెలుగు చదవడం రాని దేవిదాస్ ఆ వాక్యం చదివించుకుని ఉలిక్కిపడ్డాడు. "తొమ్మిదని మీకెవరు చెప్పిండ్రు?"

"నాడి చెప్పింది" అన్నాడు బాపురావు గంభీరంగా.

దారోగా ముఖం మెల్లగా విప్పారింది. తొమ్మిది పద్నాలుగుకు ఎంతో తక్కువ. పైగా సర్కారు జీతం తినని పెద్దమనిషి సంతకం పెట్టి మరీ ఇచ్చిన తొమ్మిది. "నాడి శాస్త్రం గొప్పది సేట్ సాబ్. మీలాంటి ఇన్సాఫ్, న్యాయం తెలిసిన మనిషిని నేను చూడలేదు" అని ఇంకో తమలపాకు చుట్టి ఇచ్చాడు. లింబయ్య ఖోలీ ముందు నిలబడి ఆ వాక్యాన్ని పైకి చదివించి వినిపించాడని తర్వాత తెలిసింది.

పన్నెండు రోజులు గడిచాయి. ఈ పన్నెండు రోజులూ బాపురావు తువ్వాల కథ చెప్పి మమ్మల్ని నవ్వించాడు. మేమూ కడుపుబ్బ నవ్వాం. పట్నం దారోగాను పసుపు దలాల్ బురిడీ కొట్టించాడంటే ఎవరికి నవ్వు రాదు?

పన్నెండో రోజు అంగడి. పొద్దున్నే ఒక ముసలామె బాపురావు దుకాణం మెట్టు మీద కూర్చుంది. తెల్లారకముందే రెంజల్ నుంచి చెరుకు బండ్ల వెంట నడిచి వచ్చింది. లింబయ్య భార్య భీమవ్వ. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను.

"ములాఖాత్‌కు పోతె రెండుపార్లు గేటుకాడికెల్లి ఎల్లగొట్టిండ్రు, సావుకారీ. చీకటి ఖోలీల ఉన్నోనికి ములాఖాత్ లేదట. నీ పేరు సెప్పిండు దారోగ. మీ పసుపు దలాలే తువ్వాలేసి నాడి సూసి తొమ్మిదని రాసిండు, అంత కానూను లోపలనే ఉన్నది పో అన్నడు. నా పెనిమిటి నీకెంత సెప్పిండు?"

"పద్దెనిమిది" అన్నాడు బాపురావు.

"నువ్వెంత రాసినవ్?"

"తొమ్మిది."

"ఎందుకు?"

బాపురావు నన్ను చూశాడు. నేను పసుపు రాశిని చూశాను. "అలవాటు" అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో.

భీమవ్వ కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. "పసుపు అమ్మేటప్పుడు ఆయన అబద్ధమే సెప్తడు. నేను గూడ సెప్త. సగం కోసే దలాల్‌కు నిజం సెప్తె మునుగుతం గద. గని ఆ ఖోలీల ఆయన నీకు పసుపు అమ్ముతున్నడా?" అంది. "పోయినేడు దగ్గు పట్టినోడు ఒకడు ఆ ఖోలీలనే సచ్చిండట. ఈయనకు గూడ దగ్గే. ఇంకెన్నొద్దులుంచుతరో తెల్వది. ఈ అంగడికి బతికున్నడు, మల్ల అంగడికి ఉంటడో లేడో."

బాపురావు దుకాణం వెనకే ఇల్లు. తలుపు చాటున సుమిత్రమ్మ అంతా వింది. భీమవ్వకు ఇంత గటక పెట్టి, ఆమె తినేదాకా కూర్చుని, పంపించాక భర్త వైపు తిరిగింది. ఈసారి ఆమె మాటలో వేళాకోళం లేదు.

"మనిషి దుఃఖాన్ని బేరమాడి వచ్చిండ్రు. సగానికి కొని వచ్చిండ్రు. నవ్వుకుంట పన్నెండు దినాలు బజారంత చెప్పుకున్నరు. మల్ల పోండ్రి. ఆయన ఎంత నొక్కితే గంత రాయుండ్రి. ఒక్క వేలు కోసిండ్రంటె ఈ ఇంట్ల మీకు బువ్వ పుట్టది."

అంతటితో ఊరుకోలేదు. విజిటర్ పనికి వేస్తూ సర్కారు పంపిన ఉర్దూ కాగితాన్ని బాపురావు పటం కట్టించి గోడకు తగిలించాడు తప్ప ఎవరితోనూ పూర్తిగా చదివించలేదు. దాన్ని సుమిత్రమ్మ పక్కింటి మున్షీతో చదివించింది. విజిటర్ ఏ రోజైనా, చిట్టీ లేకుండా, ఏ వేళకైనా పోవచ్చని అందులో ఉంది. జైళ్లన్నిటి మీదా పెద్ద అధికారి అయిన నాజిం సాబ్ బోధన్ ఫ్యాక్టరీ చూడటానికి వచ్చి మర్నాడంతా ఊళ్లో డాక్ బంగళాలోనే ఉంటాడన్న సంగతి కూడా ఆ మున్షీయే చెప్పాడు.

మర్నాడు పొద్దున బాపురావు శేర్వానీ లేకుండా, మామూలు అంగీతో, చెప్పాపెట్టకుండా జైలుకు పోయాడు. దారోగా వరండాలో కుర్చీ వేసుకుని గడ్డం గీయించుకుంటున్నాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద సబ్బు నురగ. విజిటర్‌ను చూసి లేవబోతే మంగలి కత్తి ఆగింది, ఆ మంగలి కూడా ఖైదీయే, ఏమవుతుందో చూద్దామని మూల నక్కి నిలబడ్డాడు. బాపురావు ఆగకుండా లోపలికి నడిచాడు. వంటశాలలో ఆ రోజు పప్పులో గరిటె నిలబడలేదు, ఈదింది.

"లింబయ్య ఏడి?"

దేవిదాస్ నురగ తుడుచుకుంటూ వెనక పరుగెత్తుకొచ్చాడు. "ఉన్నడు సేట్ సాబ్. మీరు చూసిపోయినంక బయటికి తీసినం. మల్ల బద్మాషీ చేస్తే పెట్టినం. అయిదు రోజులే అయింది."

ఖోలీ తెరిస్తే లింబయ్య లేవలేకపోయాడు. ఇద్దరు వార్డర్లు రెక్కలు పట్టి గుమ్మానికి ఆనించి కూర్చోబెట్టారు. కాళ్లు వాచి ఉన్నాయి. దగ్గినప్పుడల్లా గోడ పట్టుకుంటున్నాడు. బాపురావుకు ఏడుపొచ్చింది. ఆయన దాన్ని దాచుకోనూ లేదు. నేల మీద కూర్చుని తువ్వాల వేశాడు.

లింబయ్య చెయ్యి తువ్వాల కిందికి మెల్లగా వచ్చింది. తర్వాత మణికట్టు నొక్కింది. ఒకటి. రెండు. మూడు. బాపురావు వేలి కోసం ఎదురు చూశాడు. పద్దెనిమిదికి పదమూడు కలిపితే ముప్పై ఒకటి అని టాంగాలోనే లెక్క వేసుకుని వచ్చాడాయన. వేలు రాలేదు. మణికట్టే మళ్లీ నొక్కింది. నాలుగు. అయిదు. ఆరు.

అరవై.

దలాల్ బుర్ర ఒక్క పెట్టున అరిచింది, ఇది అబద్ధం, కొయ్యి అని. చేతి వేళ్లు తమంతట తామే ముడుచుకున్నాయి. బాపురావు పళ్లు బిగబట్టి ఆ వేళ్లను నిటారుగా చాపి పట్టుకున్నాడు. ఒకసారి నిజాన్ని కోసి ఈ మనిషిని ఈ గతికి తెచ్చాను, ఈసారి అబద్ధమైనా కొయ్యను అనుకున్నాడు. తిరిగి నొక్కకుండా చెయ్యి తీశాడు. ఆఫీసు గదిలో పుస్తకంలో అరవై అని రాశాడు. అదే ముక్క ఒక కాగితం మీద కూడా రాసి జేబులో పెట్టుకున్నాడు. దారోగా ఏమిటేమిటి అంటుండగానే టాంగా ఎక్కి డాక్ బంగళాకు పోయాడు.

నాజిం సాబ్ ముసలివాడు, ఓపిక గలవాడు, చాయ్ తాగుతూ ఫిర్యాదులు చదవడం అలవాటున్నవాడు. ఆ కాగితం మీద తొమ్మిది అని ఉంటే చాయ్ పూర్తి చేసేవాడు. ముప్పై ఒకటని ఉంటే జవాబు ఇమ్మని జైలుకు ఒక కాగజ్ పంపించేవాడు. అరవై చూసి కప్పు కింద పెట్టేశాడు. "అరవై రోజులా?" అని రెండుసార్లు అడిగి, మోటారు తీయించి, బాపురావును పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. మోటారు ఎక్కడం బాపురావుకు అదే మొదలు. ఆ సంతోషం కూడా అనుభవించలేక కూర్చున్నాడు పాపం, చేతుల్లో ఉన్నది అబద్ధమని తెలుసు కదా.

దారోగా గేటు దగ్గర సలాం చేశాడు. గడ్డం ఇంకా ఒక వైపే గీసి ఉంది. మంగలి దొరకలేదట. నాజిం సాబ్ ఆ రెండు చెంపలనూ చూసి కాగితం చేతికిచ్చాడు.

దేవిదాస్ చదివించుకున్నాడు. భయపడాల్సింది పోయి, ఆయన ముఖం వెలిగిపోయింది. దొరికాడు దొంగ అన్నట్టు బాపురావు వైపు తిరిగాడు.

"హుజూర్, ఈ లింబయ్య ఈ జైలుకు వచ్చిందే నలభై నాలుగు రోజుల కింద. గేటు రిజిస్టర్ చూడండి. అరవై ఎక్కడికెళ్లి వచ్చినయ్? ఈ విజిటర్ ఝూఠా మనిషి."

నాజిం సాబ్ కళ్లద్దాల మీదుగా బాపురావును చూశాడు. "అబద్ధం రాసినారా?"

బాపురావు చేతులు జోడించాడు. "ఖైదీ చెప్పింది చెప్పినట్టు రాసిన హుజూర్. నేను కొయ్యలేదు" అన్నాడు. కొయ్యడమేమిటో నాజిం సాబ్‌కు అర్థం కాలేదు. ఆయన దారోగా వైపు తిరిగాడు.

"అరవై కాదంటే, వచ్చిన్నాటి నుంచి లోపలే పెట్టినారా? నలభై నాలుగా?"

"తోబా హుజూర్" అని దేవిదాస్ చెంపలు వేసుకున్నాడు. చెయ్యని తప్పు మీద పడుతుంటే మనిషికి ఎంత కోపమొస్తుందో అంత కోపమూ వచ్చిందాయనకు. "వచ్చిన పదమూడు రోజులు వాడు విసుర్రాయి కాడనే ఉన్నడు. పిండి పారబోసింది ఆ తర్వాత. లోపల పెట్టి ముప్పై ఒక్క రోజే అయింది. వార్డర్లను అడగండి. ముప్పై ఒకటికి ఒక్క రోజు ఎక్కువున్నా నా మీసం తీసేస్త."

వార్డర్లను అడిగారు. వాళ్లు చాలా సంతోషంగా, ఒక్క గొంతుతో, ముప్పై ఒకటేనని సాక్ష్యం చెప్పారు. దారోగా గెలిచినవాడిలా మీసం మీద చెయ్యి వేశాడు.

"ముప్పై ఒకటి" అన్నాడు నాజిం సాబ్ నెమ్మదిగా. "కానూను ఎంత?"

మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ముప్పై ఏళ్ల దలాలీలో బాపురావు అలాంటి బేరం చూడలేదు. ధర దిగీ దిగీ అసలు లెక్క దగ్గర ఆగింది, అదీ అవతలి వాడి నోటితోనే. ఖోలీ రిజిస్టర్ తెప్పిస్తే అందులో మూడు, తొమ్మిది, అయిదు అని తోచిన అంకెలన్నీ ఉన్నాయి. గంటలోపల లింబయ్యను మంచం మీద మోసుకుని జైలు దవాఖానకు తీసుకుపోయారు. దేవిదాస్‌ను ఆ వారమే పనిలోంచి తీశారు. రెండో చెంప ఎప్పుడు గీయించుకున్నాడో మాకు తెలియదు.

ఈ కథ బాపురావు తర్వాత ఇరవై ఏళ్లు చెప్పాడు. ప్రతిసారీ మీసం దగ్గర ఆపి, మేం నవ్వేదాకా చూసి, లేచిపోయేవాడు. దాని తర్వాతి ముక్క ఒకటుంది. అది ఆయన ఎన్నడూ చెప్పలేదు. నాకు భీమవ్వ చెప్పింది.

నాజిం వచ్చిపోయిన నాలుగో రోజు బాపురావు దవాఖానకు పోయాడట. రుద్రూర్ కొత్త బెల్లం ముద్ద ఒకటి పట్టుకుపోయాడు. లింబయ్య కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. దగ్గు కొంచెం నెమ్మదించింది. భీమవ్వ కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. బాపురావు మంచి హుషారు మీద ఉన్నాడు.

"లింబన్నా, ముప్పై ఒకటికి అరవై అంటివి గదనే. నా పాణం పోయినంత పనాయె" అన్నాడు.

"నువ్వు సగం కోస్తవని రెండింతలు సెప్పిన" అన్నాడు లింబయ్య. "కొయ్యవని నాకేం ఎరుక."

బాపురావు పడీ పడీ నవ్వాడు. ఇద్దరం ఇద్దరమే, ఒకరిని మించి ఒకరం అన్నాడు. లింబయ్య కూడా కొంచెం నవ్వాడు. బెల్లం ముక్క నోట్లో వేసుకుని చప్పరిస్తూ చాలాసేపు కిటికీ లోంచి వచ్చే ఎండను చూశాడు. తర్వాత అడిగాడు. కోపంగా అడగలేదని భీమవ్వ గట్టిగా చెప్పింది. తెలియకనే అడిగినట్టు అడిగాడట.

"మొదటిపారి నేను పద్దెనిమిదన్న. నువ్వు తొమ్మిది రాస్తివి. మిగిలిన తొమ్మిదొద్దులు ఆ ఖోలీల ఎవలున్నరు, సావుకారీ?"

బాపురావు ములాఖాత్ గంట కొట్టేదాకా ఆ మంచం పక్కన తల వంచుకుని కూర్చుని, లేచి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి బయటికి వెళ్లిపోయాడట.